నిజంగానే కనపడదా, యాక్టింగా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

సినిమాల్లో, టీవీలో, ఫోన్ వీడియోల్లో దివ్యాంగులను చూపించే తీరు మీ చుట్టూ ఉన్నవాళ్ళ ప్రవర్తనను ఎలా మార్చిందో రాయమని పోయిన నెల ఈ శీర్షికలో అడిగాం. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి, అందులో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. పేరు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. మొదటి జవాబు బాగా పెద్దదయింది. ఆ తల్లి అడిగినదాన్ని రెండు ముక్కల్లో తేల్చేయడానికి నాకు మనసొప్పలేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది తిరుపతి, కొర్లగుంట. మా బాబు ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే చూపు తక్కువ, అద్దాలు పెట్టినా పూర్తిగా రాదు. పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతాడు, ఫోన్ కూడా అలాగే చూస్తాడు. బోర్డు మాత్రం కనపడదు, ఎదురుగా వచ్చే మనిషిని మాట వింటే తప్ప గుర్తుపట్టలేడు. ఈమధ్య క్లాసులో పిల్లలు ఒక ఆట మొదలుపెట్టారు. వాడి ముఖం ముందు చెయ్యి ఊపుతారు, "ఎన్ని వేళ్ళు చెప్పురా" అంటారు, నడిచే దారిలో బ్యాగు అడ్డం పెట్టి తట్టుకుంటాడా లేదా అని చూస్తారు. సరిగ్గా చెబితే "యాక్టింగ్‌రా వీడిది, పరీక్షలో ఎక్స్‌ట్రా టైం కోసం" అంటారు, తప్పు చెబితే నవ్వుతారు. ఏదో సినిమా కామెడీ సీన్‌లో ఇలాగే చేస్తారట, అది అందరి ఫోన్లలో తిరుగుతోంది. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అని మా ఆయన అంటున్నారు. ఇది నిజంగా సినిమా ప్రభావమేనా? వాడిని సినిమాలకి తీసుకెళ్ళడం మానేయమంటారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకి ముందు చెబుతాను. మానొద్దు. వాడికి సినిమా ఇష్టమైతే తెర దగ్గరగా ఉండే వరసలో టికెట్ తీసుకుని మీరూ పక్కన కూర్చోండి. తప్పు చేసింది వాడు కాదు, సరదా పోగొట్టుకోవలసిందీ వాడు కాదు.

ఇక ప్రభావం సంగతి. పిల్లలు ఒకర్నొకరు ఏడిపించుకోవడం సినిమాలు పుట్టకముందు నుంచీ ఉంది, మీవారు చెప్పిందాంట్లో అంతవరకు నిజం ఉంది. కానీ ఎలా ఏడిపించాలనేది ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది. చూపు తక్కువైన పిల్లాణ్ణి చూడగానే "వీణ్ణి పరీక్ష పెట్టాలి, దొంగతనం బయటపెట్టాలి" అనే ఆలోచన పదమూడేళ్ళ పిల్లలకి దానంతట అది రాదు. మన సినిమాల్లో నల్లద్దాలు పెట్టుకున్న కమెడియన్ బస్సులో సీటు కోసమో, అప్పులవాడి నుంచి తప్పించుకోవడానికో, ఆడవాళ్ళ మీద చెయ్యి వేయడానికో గుడ్డివాడిలా నటిస్తాడు, పక్కవాడికి అనుమానం వచ్చి ఒక పరీక్ష పెడతాడు, వీడు దొరికిపోతాడు, హాలంతా నవ్వుతుంది. ఈ సీన్ మా అమ్మ చిన్నప్పటి సినిమాల్లో ఉంది, ఇప్పటి రీల్స్‌లో కూడా ఉంది. చూపులేని ఒక్క మనిషితో కూడా జీవితంలో కూర్చుని మాట్లాడని పిల్లవాడు, చూపులేనట్టు నటించి దొరికిపోయినవాళ్ళని మాత్రం చాలామందినే చూసుంటాడు. అందుకే వాడికి నిజం మనిషి ఎదురైతే ముందు వచ్చేది అనుమానం.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పిన మాట ఒకటుంది. వేరు వేరు రకాల మనుషులు సమాన హోదాతో, ఒకే పని మీద, నిజంగా కలిసి మెలిసి ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరికి ఉండే చెడు అభిప్రాయాలు తగ్గుతాయని. అలా కలవడమే లేకపోతే ఆ ఖాళీని తెర నింపుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. ఇంతమంది ఉన్నా మన పిల్లల క్లాసులో ఒక్కరు కనపడితే గొప్ప, ఎందుకంటే బడి మెట్ల దగ్గర కొందరు, బస్సు ఫుట్‌బోర్డు దగ్గర కొందరు, "వీడికెందుకులే చదువు" అన్న మాట దగ్గర ఇంకొందరు ఆగిపోతున్నారు. మీ అబ్బాయి ఆగలేదు. ఆ క్లాసులో మిగతా పిల్లలకి చూపు తక్కువ మనిషంటే ఎలా ఉంటాడో తెలిసే దారి వాడొక్కడే. ఇది వాడి నెత్తిన పెట్టాల్సిన బరువు కాదు, కానీ టీచర్లకి తెలియాల్సిన విషయం.

సినిమా ఎప్పుడూ చూపించనిది ఒకటుంది. చూపు ఉండడానికీ లేకపోవడానికీ మధ్య చాలా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే అంధత్వాన్నీ, తక్కువ చూపునీ రెండు వేర్వేరు విషయాలుగా పెట్టింది. రెండు కళ్ళలో మెరుగైనదానికి, అద్దాలు పెట్టాక కూడా, చూపు 6/18 నుంచి 3/60 వరకు ఉంటే అది తక్కువ చూపు. 6/18 అంటే, మామూలు కన్ను 18 మీటర్ల దూరం నుంచి చదివే అక్షరాన్ని చదవడానికి ఈ మనిషి 6 మీటర్ల దగ్గరకి రావాలి. 3/60 అంటే 60 మీటర్ల నుంచి చూడగలిగేదాన్ని 3 మీటర్ల దగ్గరకొచ్చి చూడాలి. కొందరికి సూటిగా బాగానే కనపడుతుంది, పక్కలే కనపడవు, అలాంటివాళ్ళు చిన్న అక్షరాలు చదివేసి పక్కనున్న కుర్చీకి తట్టుకుంటారు. ఇంకొందరికి వెలుతురులో ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. తెల్లకర్ర పట్టుకుని నడిచే మనిషి బస్టాండులో ఆగి ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని మెసేజ్ చూసుకుంటే అందులో మోసం ఏమీ లేదు, కానీ పక్కనున్నవాళ్ళు "ఏమబ్బా, ఇంతసేపూ నాటకమా" అంటారు. సినిమాలో కళ్ళు రెండే రకాలు కదా, పూర్తిగా కనపడేవి, పూర్తిగా కనపడనివి.

నా విషయమే చెబుతాను. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, కాలిపర్ (కాలికి ఊతంగా కట్టుకునే చట్రం) వేసుకుని నాలుగడుగులు నడుస్తాను, దూరమైతే వీల్‌చెయిర్. రైల్వే స్టేషన్లో వీల్‌చెయిర్ దిగి నిలబడి బోగీ ఎక్కుతుంటే చుట్టూ చూసేవాళ్ళ ముఖాలు ఒక్కసారిగా మారిపోతాయి. తెర మీద మనిషి వీల్‌చెయిర్ నుంచి లేచాడంటే రెండే కారణాలు. దేవుడి మహిమ, లేదా దొంగ దొరికిపోవడం. నాలా కొంచెం నడవగలిగి, ఎక్కువ నడవలేని మనిషి ఏ కథలోనూ కనపడదు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, అది చాలా సంతోషించాల్సిన విషయం. కానీ దాని తర్వాత పుట్టిన పిల్లలు మా వయసువాళ్ళ కాలిపర్లని దగ్గర నుంచి చూడడం అరుదు. వాళ్ళకి మా గురించి తెలిసేదంతా తెర నుంచే.

సినిమా ఒక్కటే అంటే అన్యాయం అవుతుంది, వార్తలు కూడా ఇందులో ఉన్నాయి. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది, మంచానికో వీల్‌చెయిర్‌కో పూర్తిగా పరిమితమైనవాళ్ళకి 15,000. ఆ తర్వాత 2025లో సర్టిఫికెట్లని మళ్ళీ తనిఖీ చేశారు. దొంగ సర్టిఫికెట్‌తో డబ్బు తీసుకున్నవాణ్ణి పట్టుకోవాల్సిందే, వాడు తినేది మా ముద్దే. కానీ ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు "బోగస్ దివ్యాంగులు" అనే స్క్రోలింగ్, నడుస్తున్న మనిషి వీడియో, దాని మీద ఎర్ర గుండ్రం. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంటే దానర్థం ఆ మనిషి నడవలేడని కాదు. చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తలసేమియా, హిమోఫీలియా, మానసిక అనారోగ్యం, వినికిడి లోపం, ఇవేవీ ఎర్ర గుండ్రంలో కనపడవు. ఆ వార్తలు ఇంట్లో పెద్దవాళ్ళు చూశారు, పక్కన కూర్చుని పిల్లలు కూడా చూశారు. "ఎక్స్‌ట్రా టైం కోసం యాక్టింగ్" అనే మాట మీ వాడి క్లాసులోకి ఎటు నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు కామెడీ సీన్ కంటే ఈ వార్తల మీదే అనుమానం ఎక్కువ.

చేయాల్సినవి చెబుతాను. క్లాస్ టీచర్ని ఒంటరిగా కలవండి. ప్రార్థన సమావేశంలో మీ వాణ్ణి పక్కన నిలబెట్టి "పాపం, ఇలాంటివాళ్ళ మీద జాలి చూపించాలి" అని ఉపన్యాసం ఇవ్వొద్దని ముందే చెప్పండి, చాలా చోట్ల మంచి మనసుతోనే ఈ పని చేస్తారు, దానితో పిల్లవాడు ఇంకా కుంగిపోతాడు. గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉందని, అది దయతో ఇచ్చింది కాదని, ఒక్కో లైను ముక్కు దగ్గర పెట్టుకుని చదవడానికి పట్టే టైం అదని టీచర్ లెక్కల క్లాసులో చెప్పినట్టు మామూలుగా చెబితే చాలు. బోర్డు ఫొటో తీసుకోనివ్వమని అడగండి. తనకి ఎంత కనపడుతుందో తన క్లాసుకి తనే చెబుతానని వాడు ముందుకొస్తే చెప్పనివ్వండి, ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. నడిచే దారిలో బ్యాగు పెట్టడం మాత్రం ఏడిపించడం కిందకి రాదు, అది దెబ్బ తగిలే పని. దాని గురించి హెడ్‌మాస్టర్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి, ఆ ఉత్తరం మీద తండ్రి సంతకం కూడా ఉండాలి.

ప్రశ్న: అక్కా, నాది చిత్తూరు. డిగ్రీ అయిపోయింది, రీల్స్ చేస్తుంటాను. కాణిపాకం వెళ్ళే దారిలో ఒంటిచేత్తో టెంకాయలు కొట్టి అమ్మే ఒకాయన్ని వీడియో తీసి, బ్యాక్‌గ్రౌండ్‌లో బాధగా ఉండే మ్యూజిక్ పెట్టి, "అన్నీ ఉన్నా ఏడ్చేవాళ్ళు ఈయన్ని చూసి సిగ్గుపడాలి" అని రాశాను. నా వీడియోలన్నిటిలోకి దానికే ఎక్కువ వ్యూస్ వచ్చాయి. కానీ ఒక అమ్మాయి "ఆయన్ని అడిగి పెట్టావా?" అని కామెంట్ పెట్టింది, అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. నేను మంచే చేశాను కదక్కా? — ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదే, నమ్ముతున్నాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా మంచిదే. ఆయన్ని అడగలేదు కాబట్టి ఈ వారమే వెళ్ళి అడుగు, వీడియో చూపించు, నువ్వు రాసిన మాటలు చదివి వినిపించు. వద్దంటే తీసెయ్యి, వ్యూస్ ఎన్ని ఉన్నా సరే.

ఇప్పుడు ఆ వీడియో ఏం చెబుతోందో చూద్దాం. "ఈయన్ని చూసి సిగ్గుపడండి" అంటే, ఈయన బతుకు అందరికంటే అధ్వాన్నం, అలాంటివాడే పని చేసుకుంటుంటే నీకేమైంది అని. పొగడ్త లోపల ఉన్న మాట అదే. ఆస్ట్రేలియాకి చెందిన స్టెల్లా యంగ్ అనే జర్నలిస్టు, తనూ వీల్‌చెయిర్‌లో ఉండేది, 2014లో ఒక ప్రసంగంలో ఈ సంగతే చాలా సూటిగా చెప్పింది. మేము పొద్దున్నే లేచి మా పని చేసుకోవడం మీకు స్ఫూర్తి కోసం కాదు, మా బతుకు మేము బతకడానికి, అని దాని సారాంశం. ఆ ప్రసంగం చేసిన ఏడాదే ఆమె చనిపోయింది, ఆ మాటలు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటోంది.

స్ఫూర్తి పొందడం తప్పని నేను అనను. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పరుగు చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆమె మీద వచ్చిన కథనాలు చూడు, ఊళ్ళో జనం ఏమని వెక్కిరించారన్నదే ముందు ఉంటుంది, శిక్షణ గురించి, 400 మీటర్లలో చివరి వంద మీటర్ల కష్టం గురించి చాలా తక్కువ. ఆటగాళ్ళని ఆటగాళ్ళుగా చూడడం మన జర్నలిస్టులు ఇంకా నేర్చుకోవాలి.

నీ టెంకాయల ఆయన ఒప్పుకుంటే ఇంకో వీడియో చెయ్యి. మ్యూజిక్ తీసెయ్యి, ఆయన గొంతు విననివ్వు. ఒంటిచేత్తో కాయ ఎలా తిప్పి పట్టుకుంటాడో, కత్తి ఎక్కడ చేయించుకున్నాడో, కాయ ఎంతకి కొని ఎంతకి అమ్ముతాడో, ఎండాకాలం వ్యాపారం ఎలా ఉంటుందో అడుగు. ఆ నైపుణ్యం చూడ్డానికి జనం ఆగుతారు. ఆయన కొట్టు దగ్గర కూడా ఆగుతారు, జాలితో చిల్లర వదిలేసి వెళ్ళడానికి కాదు, మంచి కాయ దొరుకుతుందని.

ప్రశ్న: నేను చిత్తూరులో రిటైరైన తెలుగు మాస్టారిని. 'సిరివెన్నెల' చూసి కంటనీరు పెట్టుకున్న తరం మాది, 'మయూరి' చూసి లేచి చప్పట్లు కొట్టాం. ఆ సినిమాలు దివ్యాంగుల మీద గౌరవం పెంచలేదా? ఇప్పుడేమో ప్రతి హాస్య సన్నివేశానికీ మనోభావాలంటున్నారు. ఇలాగైతే రచయితలు ఏం రాయాలి? — ఒక మాస్టారు

జవాబు: మాస్టారూ, నమస్కారం. పెంచాయండీ, కాదనను. 1986లో విశ్వనాథ్ గారు తీసిన 'సిరివెన్నెల'లో చూపులేని వేణువాద్యకారుడు, మాటలేని చిత్రకారిణి, ఇద్దరికీ మనసుంది, కోరిక ఉంది, అభిమానం ఉంది. ఆ రోజుల్లో అది పెద్ద విషయం. 'మయూరి' ఇంకా విలువైనది, ఎందుకంటే 1981 ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకుని, జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తనే నటించారు. కృత్రిమ పాదంతో అడుగు వేస్తే ఎక్కడ ఒరుసుకుంటుందో తెలిసిన మనిషి నటించడానికీ, తెలియని మనిషి నటించడానికీ తేడా తెర మీద కనపడుతుంది.

నాకున్న దిగులు వేరే. మంచి సినిమాల్లో కూడా మాకు చోటు దొరకాలంటే మహా విద్వాంసులమైనా అయి ఉండాలి, కోటీశ్వరులమైనా అయి ఉండాలి. కళ లేదు, డబ్బు లేదు, తిలక్ రోడ్డులో బట్టల షాపు అకౌంట్లు రాసుకునే కాలిపర్ మనిషికి కథ లేదు. 2018లో వచ్చిన 'రంగస్థలం' నాకు ఇందుకే నచ్చుతుంది. చిట్టిబాబుకి చెవులు సరిగ్గా వినపడవు, కానీ వాడికి కోపం ఉంది, ప్రేమ ఉంది, అన్న మీద ప్రాణం ఉంది, ఊళ్ళో చేసే పని ఉంది, కథ చివర్లో ఎవరూ ఆపరేషన్ చేసి వినికిడి తెప్పించలేదు.

ఆపరేషన్ అన్నాను కాబట్టి ఒక మాట. క్లైమాక్స్‌లో కట్లు విప్పగానే చూపు రావడం, దేవుడి ముందు పడిపోగానే కాళ్ళు రావడం మనవాళ్ళ నమ్మకాల్లో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, "తిరుపతిలోనే ఉన్నావు, బర్డ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంటే అయిపోయేది కదా" అని నాకు పరిచయం లేనివాళ్ళు కూడా సలహా ఇస్తారు. అక్కడ ఎన్నో వేలమందికి మేలు జరిగింది, నాకూ జరిగింది. వంగిపోయిన మోకాలిని తిన్నగా చేస్తే కాలిపర్ సరిగ్గా కూర్చుంటుంది, మనిషి నిలబడగలుగుతాడు. పోలియోకి చచ్చుబడిన కండరాన్ని మాత్రం ఏ ఆపరేషన్ కొత్తగా తేలేదు. డాక్టర్లు ఈ మాట ముందే చెబుతారు, బంధువులే నమ్మరు.

కుంటుతూ నడిచే విలను, ఒంటికన్ను రౌడీ, చివర్లో "పాపం పండింది" అని కాళ్ళు పోయి కూర్చునే దుర్మార్గుడు, ఇవి నవ్వించే సీన్ల కంటే ఎక్కువ హాని చేశాయని నా అభిప్రాయం. పిల్లని చంకనేసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లితో "ఏ జన్మలో ఏం చేశావో తల్లీ" అనే పెద్దావిడ ఆ మాటని ఒక్క పురాణం నుంచే నేర్చుకోలేదు, సినిమా కూడా ఆ మాట మళ్ళీ మళ్ళీ వినిపించింది.

హాస్యం వద్దని ఎవరూ అనడం లేదండీ. నిపున్ మల్హోత్రా అనే హక్కుల కార్యకర్త ఒక హిందీ సినిమా మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 జులై 8న తీర్పిచ్చింది, అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం. వైకల్యాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, వైకల్యం ఉన్న మనిషిని తక్కువ చేసే హాస్యం వేరు అని అందులో విడదీసి చెప్పారు. అవమానించే మాటలు వాడొద్దన్నారు, జాలి కథలు లేకుంటే మహావీరుల కథలు అన్నట్టు కాకుండా ఉన్న జీవితాన్ని చూపించమన్నారు, మా గురించి రాసేటప్పుడు మమ్మల్ని కలుపుకోమన్నారు. రచయితలు ఏం రాయాలన్న మీ ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. మా ఇళ్ళకి రమ్మనండి, వారం రోజులు మాతో ఉంటే మేము మా మీద మేమే వేసుకునే జోకులు వాళ్ళకి బోలెడు దొరుకుతాయి, అన్నీ నవ్వొచ్చేవే.

ప్రశ్న: నేను పుట్టు బధిరురాలిని, తిరుపతిలో బధిర పాఠశాలలో చదువుకున్నాను. మా గురించి ఎలా చూపిస్తున్నారో చెప్పమన్నారు. అది తెలియాలంటే ముందు నేను సినిమా అర్థం చేసుకోవాలి కదా. హాల్లో అందరూ నవ్వుతారు, నేను పక్కవాళ్ళ ముఖాలు చూస్తాను. తెలుగు సినిమాకి తెలుగు అక్షరాలు వేయడం అంత కష్టమా? — ఒక పాఠకురాలు

జవాబు: అంత కష్టం కాదమ్మా. 2016 చట్టం 42వ సెక్షన్ ప్రకారం టీవీ, సినిమా లాంటి మాధ్యమాలు మీకు అర్థమయ్యే రూపంలో ఉండేలా చూడడం ప్రభుత్వం బాధ్యత, సంజ్ఞా భాష, తెర మీద అక్షరాలు, చూపులేనివాళ్ళకి దృశ్యాన్ని మాటల్లో చెప్పే ఏర్పాటు, మూడూ అందులో ఉన్నాయి. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ థియేటర్ సినిమాలకి విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాబట్టి మీరు థియేటర్ మేనేజర్‌కీ, ఆ సినిమా నిర్మాణ సంస్థకీ రాసేటప్పుడు "దయచేసి" అని కాకుండా ఈ మార్గదర్శకాల పేరు పెట్టి రాయండి. మీ పాఠశాల పాత విద్యార్థులంతా కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది. ఓటీటీలో తెలుగు సబ్‌టైటిల్స్ లేని తెలుగు సినిమా కనపడితే వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాయండి, 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. టీవీ కార్యక్రమంలో ఎవరినైనా వెక్కిరించారని అనిపించినా ఇదే దారి, ముందు ఆ ఛానల్‌కే రాయాలి, వాళ్ళకీ 15 రోజులే గడువు. నలుగురి ముందు కావాలని దివ్యాంగుణ్ణి అవమానిస్తే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది, అది పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాల్సిన విషయం. హాల్లో మీరు పక్కవాళ్ళ ముఖాలు చూస్తానన్న మాట చదివి చాలా సేపు ఆగిపోయాను. ఈ పత్రిక తరఫున కూడా రాస్తాం.

ప్రశ్న: మా అక్క కూతురు తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతుంది. తనతో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంటోంది. అబ్బాయికి ఒక కాలు లేదు, కృత్రిమ కాలితో నడుస్తాడు. మా అక్క రోజూ చూసే సీరియల్‌లో వీల్‌చెయిర్ భర్తకి సేవ చేస్తూ ఒక కోడలు ఏళ్ళ తరబడి ఏడుస్తోంది. "నా కూతురికి ఆ గతి పట్టాలా" అని అక్క అన్నం మానేసింది. బావగారేమో "ఎంత గొప్ప మనసురా నా కూతురిది, ఎంత త్యాగం" అని అందరికీ చెప్పుకుంటున్నారు. ఆ పిల్లకి ఇద్దరి మీదా కోపంగానే ఉంది. ఎవరికి నచ్చజెప్పాలి? — ఒక పిన్ని

జవాబు: ఇద్దరికీనండీ, ముందు బావగారికి. అక్కగారి భయం పైకి కనపడుతోంది, మాట్లాడితే తగ్గుతుంది. బావగారు మెచ్చుకుంటున్నారు కాబట్టి అందులో తప్పుందని ఆయనకి తోచదు. "నా కూతురు త్యాగం చేస్తోంది" అని నలుగురిలో అంటే, రేపు ఆ అబ్బాయి ఈ ఇంటికి అల్లుడిగా వచ్చినప్పుడు జీవితాంతం ఋణపడి ఉన్నవాడిలా కూర్చోవాలి. కూర ఉప్పగా ఉందని అనడానికి కూడా వెనకాడాలి. ఆ పిల్లకి కోపం వచ్చింది అందుకే. తను ఇష్టపడ్డ మనిషిని చేసుకుంటోంది, అంతే.

సీరియల్ సంగతి అక్కగారితో ఇలా మాట్లాడి చూడండి. ఆ కథలో భర్త ఉద్యోగం చేయడు, వంటింట్లోకి రాడు, కోపం వస్తే అరవడు, భార్యకి జ్వరమొస్తే కాఫీ కలిపివ్వడు, కెమెరా ముందు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. ఆ సీరియల్ కోడలి కష్టాలు ఎడతెగకుండా సాగాలంటే వాడు అలా కదలకుండా ఉండాలి కాబట్టి అలా రాశారు. మీ అమ్మాయి చేసుకుంటానంటున్న అబ్బాయి రోజూ కాలేజీకి వెళ్ళి నిలబడి పాఠాలు చెప్పి సాయంత్రం ఇంటికి వెళ్ళే మనిషి. ఇప్పటిదాకా అతణ్ణి ఎంత దగ్గరగా చూశారు? ఒక ఆదివారం భోజనానికి పిలవండి, వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా. పెళ్ళిచూపుల్లా వద్దు. కింద చాప వేసి కూర్చోబెట్టకుండా కుర్చీ వేయండి, లేవడానికి చెయ్యి అందిస్తామని అందరూ ఒకేసారి మీదకి వెళ్ళకండి, కావాలంటే అతనే అడుగుతాడు.

ఆ రోజు ఏ అల్లుణ్ణయినా అడిగేవే అడగండి. జీతం ఎంత, అప్పులేమైనా ఉన్నాయా, తాగుతాడా, కోపం వస్తే ఎలా ఉంటాడు, పెళ్ళయ్యాక ఆ పిల్ల ఉద్యోగం సంగతేంటి, తమ్ముళ్ళ బాధ్యత ఉందా. కాలి గురించి కూడా అడగొచ్చు, దాచుకోవాల్సిన విషయం కాదు, కానీ పదో ప్రశ్నగా అడగండి, మొదటిదిగా కాదు. కృత్రిమ కాలు కొన్నేళ్ళకోసారి మార్చాలి, రాత్రి పడుకునేటప్పుడు తీసేస్తారు, ఎండాకాలంలో చెమటకి లోపల ఒరుసుకుని పుండు పడితే రెండు మూడు రోజులు వేసుకోకూడదు, ఆ రోజుల్లో చంకకర్రలు వాడతారు. ఇవి మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసే ఉంటాయి. అక్కగారికి తెలియదు కాబట్టి తెలియజేయండి, తెలియనిచోటే సీరియల్ వచ్చి కూర్చుంటుంది. కొత్త కాపురానికి ఇల్లు వెతికేటప్పుడు మాత్రం గ్రౌండ్ ఫ్లోర్ చూడండి, లేదా లిఫ్ట్ పనిచేస్తుందో లేదో ఎక్కి చూడండి, బాత్రూమ్‌లో నేల జారకుండా ఉందా, పట్టుకోవడానికి గోడకి కడ్డీ బిగించుకోనిస్తారా అని ఓనర్ని అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి.